పుట్టినట్టు ఒక్క ముక్క

ఢిల్లీ కరోల్ బాగ్ మార్కెట్ వెనక సందులో ఉన్న ఆ నర్సింగ్ హోమ్‌లో పుట్టినవాళ్ళూ, పోయినవాళ్ళూ అందరూ జయశీల చేతిమీదుగానే సర్కారు లెక్కల్లోకి వెళ్ళాలి. లేబర్ రూమ్‌లో నర్సుగా నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగాక, యాజమాన్యం దయతలచి ఆమెను బేస్‌మెంట్ గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. పని సులువే. పైన బిడ్డ పుడితే కింద పోర్టల్ తెరవాలి, ఫోనుకొచ్చిన ఓటీపీ కొట్టాలి, తల్లిపేరూ తండ్రిపేరూ ఎక్కించి పంపాలి. మునిసిపాలిటీ వాళ్ళు సరేనంటే సర్టిఫికెట్ వస్తుంది. మనిషి పోయినా అదే తంతు, పేజీ ఒక్కటే వేరు.

మూడో పేజీ కూడా ఒకటుంది. అది చనిపోయి పుట్టిన బిడ్డలది. అందులో బిడ్డ పేరుకి గడి ఉండదు, చివర సర్టిఫికెట్ కూడా రాదు. జయశీల ఆ పేజీని త్వరగా నింపేసి, త్వరగా మూసేసేది.

ఆమెది బాపట్ల పక్క ఊరు. భర్త రూబెన్ ఉద్యోగం వల్ల ఆర్.కె. పురం క్వార్టర్లలో కాపురం. ఒక్కగానొక్క కూతురు అనుగ్రహ. పెళ్ళయ్యాక రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి నిలిచింది, నెలలు నిండాయి. పురుడు తన కళ్ళ ముందే, తన ఆసుపత్రిలోనే జరగాలని జయశీల పట్టుబట్టింది. అల్లుడు గుర్గావ్‌లో పెద్ద ఆసుపత్రి పేరు చెబితే ఆవిడ విన్లేదు. తల్లికంటే పెద్ద డాక్టరెవరు అంది. ఆ మాట అన్నందుకు తర్వాత ఎంత ఏడ్చిందో ఆమెకే తెలుసు.

జనవరిలో చలి బిగిసిన రోజుల్లో ఒక ఎంట్రీ తిరిగి రావడం మొదలెట్టింది. సాయంత్రం పంపుతుంది, పొద్దున్న వచ్చి చూస్తే మళ్ళీ ఆమె ముందే ఉంటుంది. అన్ని గడులూ నిండే ఉంటాయి, ఒక్కటి తప్ప. ‘పుట్టినప్పుడు ప్రాణం ఉందా?’ అన్న గడి ఖాళీ. జయశీల ‘లేదు’ అని నింపి పంపేది. మర్నాడు మళ్ళీ ఖాళీ. సర్వర్ జబ్బు అనుకుంది. ఢిల్లీలో ఏ పాపాన్నైనా సర్వర్ మీదికి నెట్టేయొచ్చు కదా.

ఆ ఎంట్రీ కృష్ణకుమారిది. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కోచింగ్ పిల్లల కోసం కడుతున్న హాస్టల్ దగ్గర ఇటుకలు మోసే మనిషి. భర్త అంకయ్య అక్కడే తాపీ పని. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపు. నొప్పులతో వచ్చినప్పుడు ఆమెకి హిందీ ఒక్క ముక్క రాదని, తెలుగు తెలిసిన జయశీలను కింద నుంచి పిలిపించారు. చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పింది జయశీలే. ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది. ఒక్కటే ఏడుపు, సన్నగా, పిల్లి కూనలా. బిడ్డను వెచ్చగా ఉంచే మెషీన్ ఆ రోజు పనిచెయ్యలేదు. కాసేపటికి బిడ్డ ఊపిరి ఆగిపోయింది.

“జయా, స్టిల్‌బర్త్ డాల్ దో,” అంది డాక్టర్ మేడం చేతులు కడుక్కుంటూ. చనిపోయే పుట్టిందని ఎక్కించమని. పుట్టి పోయిందంటే ఎంక్వయిరీ వస్తుంది, మెషీన్ సంగతి బయటికొస్తుంది. పుట్టకముందే పోయిందంటే అడిగేవాళ్ళుండరు. తిలా పాపం తలా పిడికెడు. జయశీల కిందికొచ్చి తన పిడికెడు తను రాసేసింది.

తర్వాత అంకయ్య వచ్చాడు. కింద గది గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

“అమ్మా, ఆ కాయితం ఒకటి ఇప్పించండి. పుట్టినట్టు ఒక్క ముక్క సాలు. ఏడిసిందమ్మా గుంట. మా ఆడది ఇన్నాది. నాను గుమ్మం కాడ ఇన్నాను.”

“అలా కుదరదు తమ్ముడూ. డాక్టరుగారు చెప్పిందే నేను రాయాలి.”

“పుట్టనే లేదంటే ఆ పిల్లకి పేరేటి పెడతాం, కర్మేటి సేస్తాం? కాయితం తెస్తేగానీ అన్నం ముట్టనంటంది మా ఆడది.”

“చూద్దాంలే, మళ్ళీ రా,” అంది జయశీల.

మళ్ళీ వచ్చాడు. ఈసారి కాగితం అడగలేదు. కృష్ణకుమారి జ్వరంతో రేకుల షెడ్డులోనే పోయిందని, అన్నం ముట్టకుండానే పోయిందని చెప్పి, ఊరికి రైలెక్కుతున్నానని దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఎంట్రీ తిరిగి రావడం ఆ మర్నాటి నుంచే.

ఆ వారమే డాక్టర్ మేడం సెలవు పెట్టింది. ఎడమ చెవిలో పసిపిల్ల ఏడుపు ఆగడం లేదట. ఎక్కడెక్కడో చూపించుకుందట. చెవికి ఏ లోపమూ లేదన్నారట.

ఇక ఆ రోజు. మధ్యాహ్నానికే పొగమంచు దిగి ఊరంతా మింగేసింది. పట్టపగలు లైట్లు వేసుకున్నారు. కింద గదిలో పైనున్న చిన్న కిటికీ అద్దం తెల్లబడిపోయింది. జయశీల కాళ్ళ దగ్గర హీటర్ పెట్టుకుని, శాలువా కప్పుకుని, అల్లం టీ తాగుతోంది. పోర్టల్ ఇంకా తెరవలేదు.

ఫోను మోగింది. ఓటీపీ.

తను అడగలేదే అనుకుంది. మళ్ళీ మోగింది. ఇంకో ఓటీపీ. తన పేరు మీద ఎవరో లోపలికి వెళ్తున్నారు. ఎవరికి ఉంటుంది ఈ పాస్‌వర్డ్? లేచి తలుపు దాకా వెళ్ళి చూసింది. కారిడార్‌లో ఎవరూ లేరు. చివరన లిఫ్టు దగ్గర ట్యూబ్‌లైటు కొట్టుకుంటోంది.

వెనక్కి తిరిగేసరికి స్క్రీన్ వెలిగి ఉంది.

కృష్ణకుమారి పేజీ. ఖాళీ గడి. గడిలో కర్సర్ ఆగి ఆగి మెరుస్తోంది.

అప్పుడు వచ్చింది వాసన. నెత్తురూ చనుబాలూ కలిసిన పచ్చి బాలింత వాసన. జీవితమంతా ఆ వాసనలోనే పనిచేసిన మనిషి, ఆమెకి కొత్తేం కాదు. కానీ అది పైన ఉండాలి... ఈ గదిలో కాదు. హీటర్ ఎర్రగా మండుతూనే ఉంది. పాదాలు మాత్రం గడ్డ కడుతున్నాయి.

“నువ్వు ఇన్నావు గదా... అక్కా.”

కుర్చీ వెనక నుంచి వచ్చింది మాట. తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

“నేను... పనిచేసేదాన్నమ్మా. చెప్పింది రాశాను.”

“నాకు పుట్నేదని రాసినావు. నీకు పుట్టబోయేదీ... అలగే రాత్తాను.”

స్క్రీన్ మీద కొత్తగా మూడో పేజీ తెరుచుకుంది. కీబోర్డు మీద ఎవరి చెయ్యీ లేదు. తల్లి పేరు గడిలో ఒక్కొక్క అక్షరమే పడుతోంది. అ... ను... గ్ర...

జయశీల కుర్చీలో పడి మౌస్ పట్టుకుంది. ఆ పేజీ మూసింది. కృష్ణకుమారి పేజీ తెరిచింది. ప్రాణం ఉందా? ‘ఉంది’ అని కొట్టింది. సజీవ జననం. ఆడపిల్ల. పంపు. పోయింది. ఈసారి తిరిగి రాలేదు. కాసేపటికే ఆమోదం కూడా వచ్చింది, మునిసిపాలిటీ చరిత్రలో అంత తొందరగా ఏ పనీ జరిగి ఉండదు.

వాసన తగ్గింది. పాదాలకి వేడి తెలిసింది. జయశీల బల్ల మీద తల వాల్చి ప్రార్థన చేసుకుంది, ఏడ్చింది.

చెయ్యాల్సింది ఇంకా సగం ఉంది. పుట్టిన బిడ్డ పోయింది కదా, ఆ పోవడం కూడా రెండో పేజీలో రాయాలి. ఆ పని రోజూ చేసేదే. రాస్తే మాత్రం ఎంక్వయిరీ వస్తుంది, ఇన్నాళ్ళూ ‘లేదు’ అని ఎందుకు పంపావని మొదట తననే అడుగుతారు. కూతురి పురుడు రేపో మాపో. అడిగింది పుట్టినట్టు ఒక్క ముక్కే కదా, రాశాను కదా అనుకుంది. కంప్యూటర్ ఆపేసి ఇంటికెళ్ళిపోయింది.

అనుగ్రహకి సుఖంగా పురుడైంది. ఆడపిల్ల. ఆసుపత్రి అదిరేట్టు ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ జయశీల గోడకి జారగిలబడి దేవుడికి స్తోత్రాలు చెప్పుకుంది. తన పాపం తీరిపోయిందని నమ్మింది.

మర్నాడు డ్యూటీ నర్సు పిల్లను తూచి నవ్వుతూ వచ్చింది. “దీదీ, బచ్చీకా వజన్ బఢ్ గయా,” అంది. పిల్ల బరువు పెరిగిందట, పాలు బాగా తాగుతోందట.

నర్సు వెళ్ళాక అనుగ్రహ తల్లి చెయ్యి పట్టుకుంది. మొహం పాలిపోయి ఉంది.

“మమ్మీ, నాకింకా పాలే పడలేదు. నా దగ్గర ఇది నోరు కూడా తెరవట్లేదు. మరి దీనికి పాలు ఎవరు పిలా రహా హై?”

“డబ్బా పాలు పట్టుంటార్లే.”

“లేదు. అడిగాను.”

జయశీల ఉయ్యాల దగ్గరికెళ్ళి వంగింది. మనవరాలు పక్కకి తిరిగి పడుకుని ఉంది. కళ్ళు మూసుకుని, పెదాలు సున్నాలా చుట్టి, గాలిలో దేన్నో పట్టుకుని చప్పరిస్తోంది. గుటక వేసింది. మళ్ళీ గుటక. పెదవి చివర తెల్లటి చుక్క ఒకటి జారి బుగ్గ మీద ఆగింది.

అప్పుడు అర్థమైంది జయశీలకి, తను ఎంత పని చేసిందో. కృష్ణకుమారి కూతురు పుట్టిందని రాసింది. పోయిందని రాయలేదు. రికార్డులో ఆ బిడ్డ బతికే ఉంది. బతికున్న బిడ్డ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. బిడ్డ ఉన్నాక తల్లి వెతుక్కుంటూ రాదా? పాలివ్వదా?

ఏ కేసైనా పెట్టుకోనీ, ఉద్యోగం పోతే పోనీ అనుకుంటూ మోకాళ్ళ నొప్పి కూడా మరిచి కిందికి పరిగెత్తింది. రెండో పేజీ తెరిచింది. చనిపోయినది: కృష్ణకుమారి కూతురు. తండ్రి: అంకయ్య. తేదీ, కారణం, అన్నీ నిజమే రాసింది. ఈసారి ఒక్క అబద్ధం లేదు. బాణం గుర్తు ‘పంపు’ మీదికి తెచ్చింది.

ఫోను మోగింది. అనుగ్రహ.

“మమ్మీ... పాప సాన్స్ తీసుకోవట్లేదు. మమ్మీ, నీలంగా అయిపోతోంది...”

జయశీల చెయ్యి మౌస్ మీద నుంచి లాగేసుకుంది. పేజీ మూసేసింది.

“ఆఁ... తీసుకుంటోంది,” అంది అనుగ్రహ. వెక్కుతోంది. “తీసుకుంటోంది మమ్మీ. నువ్వు పైకి రా.”

గదిలో బాలింత వాసన గుప్పుమంది.

“రాయి అక్కా,” అంది కుర్చీ వెనక గొంతు. కోపం లేదు అందులో. తీరిగ్గా ఉంది. “రాత్తే ఈ గుంట నీకు నేదు. రాయకపోతే... నాది.”

పైకి ఎలా వెళ్ళిందో ఆమెకే తెలీదు. అనుగ్రహ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు నిద్రపోయింది. కిటికీ బయట పొగమంచు తప్ప ఏమీ లేదు. ఉయ్యాలలో పిల్ల గులాబీ రంగుకి తిరిగింది, పొట్ట నిండిన పిల్లలా హాయిగా ఉంది.

తీసుకుపోవాలి. ఇప్పుడే, ఈ ఆసుపత్రి నుంచి, వీలైతే ఈ ఊరి నుంచే. జయశీల రెండు చేతులూ పిల్ల కిందికి పోనిచ్చి మెల్లగా ఎత్తబోయింది.

పిల్ల లేవలేదు.

కొంచెం గట్టిగా లాగింది. పిల్ల కాస్త ఇటు జరిగింది. ఆగింది... మళ్ళీ అటు జరిగింది. అవతల వైపు ఎవరూ లేరు. దుప్పటి మాత్రం ఎవరో చేతులు వేసినట్టు రెండుచోట్ల నొక్కుకుని ఉంది.

ఇంకా గట్టిగా లాగితే పిల్లకి నొప్పి పుడుతుందని జయశీల ఆగిపోయింది. అవతల కూడా ఆగిపోయారు.