అల్లుడి వైరాగ్యం

ఆ ఉదయం కూడా డ్రైవరు అలారం మోగకముందే లేచాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ తెల్లవారి మొదటి బస్సు తీసినవాడికి అలారంతో పనేముంది? హాల్లో సోఫాను గోడవారకు జరిపి, చాప పరిచి, కిటికీ రెక్క ఓరగా తీశాడు. కింద వీధిలో పాలవ్యాను ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. నడుం వంచి, చేతులు చాచి, ఊపిరి పీల్చి, వదిలి, చివర్లో వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు.

శవాసనం ఆయనకు పుట్టుకతో వచ్చినట్టు వచ్చింది. యోగ పాఠశాలలో తోటివాళ్లకు ముక్కు దురద పెడుతుంది, ఒకరిద్దరు గురక పెడతారు. ఈయన మాత్రం దుంగలా పడి ఉంటాడు. "బాబాయ్, నువ్వు మాకు ఫస్టు ర్యాంకు లేకుండా చేస్తున్నావు" అని కుర్రకారు ఏడిపిస్తుంటారు.

వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపించింది. తర్వాత అత్తగారి గొంతు.

"టీ చల్లారిపోతోంది బాబూ. ఇంకా పడుకునే ఉన్నారా?"

"ఇది పడుకోవడం కాదు అత్తయ్యా. సాధన."

"అలాగా. మరి దుప్పటి కప్పితే ఇంకా బాగా కుదురుతుందేమో!"

ఒకప్పుడైతే ఈ మాటకు నవ్వొచ్చేది. ఆయన నవ్వకముందే పక్కగదిలోంచి భార్య నవ్వు వినిపించేది. ఆవిడ నవ్వితే పై అంతస్తువాళ్లు కూడా కిటికీలోంచి తొంగిచూసేవాళ్లు. ఆ నవ్వు ఆగిపోయి ఏడాది దాటింది. డ్రైవరు లేచి, చాప చుట్టి, టీ తాగాడు. వేడిగా ఉందో చల్లగా ఉందో చూసుకోలేదు.

అత్తగారికి ఆయన భార్య ఒక్కతే బిడ్డ. మోకాళ్లు అరిగిపోయాక పెద్దావిడ కూతురి దగ్గరికొచ్చింది. కూతురు పోయాక ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. అల్లుడూ అత్తా ఒకే ఇంట్లో, ఒకే మనిషిని పోగొట్టుకుని, ఒకరికొకరు అడ్డురాకుండా బతుకుతున్నారు. భార్యను ఆసుపత్రినుంచి తీసుకొచ్చిన రోజున, సాగనంపిన రోజున డ్రైవరు చేయాల్సిన పనులన్నీ డ్యూటీ చేసినట్టు చేశాడు. కంట తడి పెట్టలేదు. "గుండె నిబ్బరం గల మనిషి" అన్నారు చూసినవాళ్లు.

నడుం నొప్పితో ముందే ఉద్యోగం మానాల్సివచ్చింది. డాక్టరు యోగా చేయమన్నాడు. కళ్లు మూసుకుని పడుకుంటే ఎవరూ పలకరించరని మొదట ఆయనకు అది నచ్చింది. తర్వాత పాత యోగసూత్రాల పాఠాలు విన్నాడు. పట్టుకోవద్దు, వదిలేయాలి, సుఖానికీ దుఃఖానికీ చలించకూడదు. ఆ మాటలు వింటుంటే తన సంగతే ఎవరో చెబుతున్నట్టు అనిపించింది. తనకు ఏమీ అనిపించకపోవడానికి ఒక పేరుందన్నమాట, పైగా గౌరవమైన పేరు. అంతే, గురువుగా తయారయ్యే కోర్సులో చేరిపోయాడు. వయసులో అందరికన్నా పెద్దవాడు, చదువులోనూ ముందున్నాడు.

ఆ వారం పాఠం అపరిగ్రహం. అక్కరలేనిది దగ్గర ఉంచుకోకపోవడం. పాఠం అయ్యాక టీచరమ్మ మరో మాట చెప్పింది. ఊరికి దూరంగా కొండ మీద ఉన్న తమ శిబిరంలో ఉంటూ నేర్పడానికి ఒక మనిషి కావాలట. డ్రైవరు చేయెత్తాడు.

"ఇంట్లో వాళ్లతో మాట్లాడారా?" అంది టీచరమ్మ.

"మాట్లాడేదేముందండీ. నాకు బంధాలేం లేవు" అన్నాడు.

మర్నాడు, వేరే ఇంట్లో ఉంటున్న డ్రైవరు కూతురు వచ్చి అమ్మమ్మను తన కళ్లద్దాల దుకాణానికి తీసుకెళ్లింది. కొత్త అద్దాలు కొలిచి ఇవ్వాలట. వాళ్లు మలుపు తిరిగాక డ్రైవరు పాతబట్టలు తీసుకుపోయే సంస్థకు ఫోన్ చేశాడు. భార్య అలమారా తెరిచి, చీరలు, దుప్పట్లు, చెప్పులు, ఊలు కోటు అన్నీ సంచుల్లో సర్దాడు. చేతులు తడబడలేదు. వ్యాను వచ్చింది, సంచులు ఎక్కాయి, వెళ్లింది. అలమారాలో ఖాళీ హ్యాంగర్లు కాసేపు ఊగి ఆగాయి. పని అయిపోయిందనుకున్నాడు ఆయన. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

కొత్త కళ్లద్దాలతో ఇంటికొచ్చిన పెద్దావిడ చేతిసంచి కుర్చీలో పడేసి నేరుగా ఆ గదిలోకి వెళ్లింది.  కూతురు వెనకే వెళ్లి చూసింది.

"నాన్నా! అమ్మ బట్టలేవి?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"అవసరమైనవాళ్లకి. దాచుకుంటే మనిషి తిరిగొస్తుందా? ఎవరికైనా ఒంటిమీదికి పనికొస్తాయి."

"అమ్మమ్మను అడిగావా?"

"లేదు."

"నన్ను?"

 పెద్దావిడ అలమారా తలుపు పట్టుకుని నిలబడే ఉంది. కొత్త అద్దాల్లోంచి ఖాళీ మరింత స్పష్టంగా కనబడుతున్నట్టుంది పాపం.

"ఆ ఊలు కోటు కూడానా బాబూ?" అంది నెమ్మదిగా. "మీరు క్లాసుకు వెళ్లాక రోజూ ఈ తలుపు తీసి, ఆ కోటులో మొహం పెట్టుకుని కాసేపు నిలబడేదాన్ని. ఆ కోటుకింకా నా బిడ్డ వాసన ఉంది. నాకు మిగిలిందదే."

"ఫోన్ చేయి నాన్నా! ఇప్పుడే చేయి" అని కూతురు కేకలేసింది. ఆయన చేశాడు. సంచులు అప్పుడే విప్పి పంచేశామని అవతలివాళ్లు ఎంతో మర్యాదగా చెప్పారు.

చెప్పాల్సింది ఏదో ఒకేసారి చెప్పేస్తే మేలనుకున్నాడు డ్రైవరు. "ఇంకో మాట. నేను కొండమీద శిబిరానికి వెళ్తున్నాను, అక్కడే ఉండి నేర్పడానికి. అత్తయ్య మీ ఇంట్లో ఉంటారు."

కూతురు తండ్రివైపు తిరిగింది. "అమ్మ బట్టలు పంపించేశావు. ఇప్పుడు అమ్మ అమ్మను పంపించేస్తున్నావు. తర్వాత వంతు నాదేనా?"

"అరవకు. దేనికీ చలించకుండా ఉండటం నేర్చుకోవాలి..."

"నువ్వు నేర్చుకున్నది చాలు నాన్నా! అమ్మ పోయినప్పుడు నీ ఒళ్లో పడి ఏడ్చాను, గుర్తుందా? నా వీపు మీద చెయ్యి వేశావు. దిమ్మెలాంటి చెయ్యి. ఆ రోజే నాకు నాన్న కూడా పోయాడనిపించింది." కళ్లు తుడుచుకుంటూ తలుపు వేసి వెళ్లిపోయింది.

డ్రైవరు అక్కడే నిలబడ్డాడు. పన్ను పీకడానికి ఇంజెక్షన్ ఇస్తే దవడ తనదో కాదో తెలియనట్టు, ఆ మాటలు తగిలిన చోటు ఎక్కడో ఆయనకు తెలియలేదు. తెలియకపోవడమే మంచిదనుకుని చాప పరిచాడు.

పాఠశాలలో మర్నాడు అందరూ వెళ్లాక టీచరమ్మ చాపలు తడిగుడ్డతో తుడుస్తోంది. మనిషి పొట్టి, మాట పొదుపు. డ్రైవరు తనూ ఒక గుడ్డ తీసుకుని తుడుస్తూ జరిగిందంతా చెప్పాడు. మెచ్చుకుంటుందనే నమ్మకం ఏ మూలో ఉంది.

"వాళ్లు ఏడుస్తుంటే మీకేమనిపించింది?" అంది ఆవిడ.

"ఏమీ అనిపించలేదండీ."

"బస్సు నడిపేటప్పుడు ఎప్పుడైనా కాలు తిమ్మిరెక్కిందా?"

"ఎన్నోసార్లు."

"అప్పుడేం చేసేవారు?"

"పక్కకు తీసి ఆపేసేవాణ్ణి. బ్రేకు మీద కాలుందో లేదో తెలియకుండా బండెలా నడుపుతాం? జనం ఉంటారు కదండీ లోపల."

టీచరమ్మ గుడ్డ పిండి ఆరేసింది. "మీ ఇంట్లోనూ జనం ఉన్నారు" అంది. "వైరాగ్యం అంటే నొప్పి తెలియకపోవడమని నేనెప్పుడూ చెప్పలేదే. తెలిసినా దాని వెంటపడి కొట్టుకుపోకపోవడం. మీకు అసలు తెలియడమే లేదు. శిబిరం సంగతి తర్వాత చూద్దాం. పరీక్షకు ఎలాగూ ఒక మనిషికి నేర్పి చూపించాలి. మీ అత్తగారికి నేర్పండి."

"ఆవిడ నాతో మాట్లాడటమే మానేశారు."

"అయితే ఇంకా మంచిది. పాఠంలో అడ్డు తగలరు."

పెద్దావిడ నిజంగానే మాట్లాడటం లేదు. టీ బల్లమీద పెట్టి, గిన్నె చప్పుడు చేసి వెళ్లిపోతోంది. డ్రైవరు వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు.

"అత్తయ్యా, పరీక్షకు ఒక మనిషి కావాలి. కుర్చీలో కూర్చుంటే చాలు."

ఆవిడ చాలాసేపు స్టవ్ తుడిచింది. "పంపించేసే మనిషితో పనేమిటో!" అంది. తర్వాత తనే, "సరేలెండి. మీ చదువు పాడైతే నా బిడ్డ ఊరుకునేది కాదు. ఎక్కడ కూర్చోమంటారో చెప్పండి" అంది.

మధ్యాహ్నం ఎండ హాల్లో సగం దాకా పరుచుకుంది. చేతులున్న కుర్చీ వేసి, ఆవిడ పాదాల కింద దిండు పెట్టి, తను ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. నేర్చుకున్న గొంతుతో నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"కళ్లు మూసుకోండి. భుజాలు వదులు చేయండి. ఊపిరి తీసుకోండి... వదలండి. తొందర లేదు. పూర్తిగా వదిలాక, మళ్లీ తీసుకునేముందు చిన్న ఖాళీ ఉంటుంది. అక్కడ కాసేపు ఆగండి..."

పెద్దావిడ కళ్లు తెరిచింది.

"దానికీ అలాగే ఆగిందా?"

డ్రైవరుకు మొదట అర్థం కాలేదు.

"ఆసుపత్రిలో దాని దగ్గర ఒక్కరే ఉండాలన్నారు. మిమ్మల్ని ఉండనిచ్చారు. నేను బయట బెంచీమీద కూర్చున్నాను. మీరు బయటికొచ్చి 'అయిపోయింది అత్తయ్యా' అన్నారు. ఆ ఒక్క మాటే. ఏడాది నుంచి రెండో మాట కోసం చూస్తున్నాను బాబూ. మీ టీలో చక్కెర కలుపుతూ చూస్తున్నాను. పడుకుని లేస్తారేమో, లేచి చెబుతారేమోనని చూస్తున్నాను. నా బిడ్డ ఎలా పోయిందో నాకు తెలియదు."

పాఠంలో తర్వాత చెప్పాల్సిన వాక్యం డ్రైవరుకు కంఠతా వచ్చు. నోరు తెరిస్తే అది రాలేదు.

"నిద్రపోతోందనుకున్నాను" అన్నాడు. ఆ గొంతు తనదిలా లేదు. "ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది అత్తయ్యా. ప్రతిసారీ ఇదే ఆఖరనుకునేవాణ్ణి. మళ్లీ తీసుకునేది. అలా ఎంతసేపో. మధ్యలో కళ్లు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది."

"ఏమైనా అందా?"

"'అమ్మ తిన్నదా?' అంది."

పెద్దావిడ చేతులు కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి.

"తినిపిస్తాలే, నువ్వు పడుకో అన్నాను. కొంచెం నవ్వింది. తర్వాత ఊపిరి వదిలింది. మళ్లీ తీసుకుంటుందని నేను చూస్తున్నాను. ఇంతకుముందులాగే తీసుకుంటుందని... నేను కూడా ఊపిరి బిగబట్టి చూస్తున్నాను..."

 ఛాతీలో ఎక్కడో ఏదో కదిలింది. తిమ్మిరి వదిలేటప్పుడు కాల్లో సూదులు గుచ్చినట్టు అది ఒళ్లంతా పాకింది. నోట్లోంచి వచ్చిన శబ్దానికి ఆయనే ఉలిక్కిపడ్డాడు. నేలమీదికి వంగిపోయి, పెద్దావిడ పాదాల కిందున్న దిండులో మొహం దాచుకుని, భుజాలు ఎగిరెగిరిపడేలా ఏడ్చాడు.

పెద్దావిడ మోకాళ్ల నొప్పి మరిచిపోయి కుర్చీలోంచి కిందికి జారింది. అల్లుడి తలను ఒళ్లోకి తీసుకుంది. ఇన్నేళ్లలో ఎన్నడూ మీరు తప్ప నువ్వు అనని మనిషి.

"ఏడువు నాయనా, ఏడువు. దానికోసం ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే ఏడ్చాను. నువ్వు తోడు లేక ఒంటరిదాన్నైపోయానురా."

"కోటు... కోటు తెచ్చివ్వలేను అత్తయ్యా."

"పోనీ. నా బిడ్డ మాట తెచ్చిచ్చావు. అది చాలు."

సాయంత్రం కూతురు వచ్చింది. అమ్మమ్మ సామాను సర్దడానికని ఖాళీ పెట్టె కూడా తెచ్చింది. వంటింట్లో ఇద్దరూ ఒకే పళ్లెం ముందు కూర్చుని ఉన్నారు. నాన్న అన్నం కలిపి ముద్దలు చేస్తున్నాడు, అమ్మమ్మ కాదనకుండా తింటోంది. ఇద్దరి కళ్లూ ఉబ్బి ఉన్నాయి.

"ఏమైంది? మళ్లీ గొడవా?"

"గొడవెందుకే? మీ నాన్న పాఠం చెప్పాడు" అంది పెద్దావిడ.

"వచ్చిందా మరి?"

"నాకేమీ రాలేదు. ఆయనకే వచ్చినట్టుంది."

కూతురు పెట్టె గుమ్మంలోనే వదిలేసి లోపలికొచ్చింది. డ్రైవరు చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. దగ్గరికి తీసుకుని, ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వణుకుతోంది.

"నేను శిబిరానికి వెళ్లడం లేదమ్మా. నేర్పితే ఇక్కడే నేర్పుతాను. మా డిపోలో నడుములు విరిగినవాళ్లు చాలామందే ఉన్నారు."

ఆమె తలూపింది. నాన్న చొక్కా పట్టుకుని, చిన్నప్పుడు అడిగినట్టు అడిగింది. "అమ్మమ్మకు ఏం చెప్పావు? అమ్మ గురించేనా? నాకూ చెప్పు నాన్నా."

డ్రైవరు కుర్చీ లాగి కూతుర్ని కూర్చోబెట్టాడు. మొదటినుంచీ మొదలుపెట్టాడు. మధ్యాహ్నం కన్నా ఇప్పుడు చెప్పడమే ఎక్కువ కష్టమైంది. ఇప్పుడు ప్రతి మాటకూ నొప్పి తెలుస్తోంది. అయినా ఆపకుండా, ఆఖరి ఊపిరి దాకా చెప్పాడు.