డ్రాగ్ అంటే కార్ల పందెం అనుకున్నారు

ఆగు టీగన్ తల్లీ, అంత గబగబా రాయకు. నా నోరు ఎంత నెమ్మదో నీ పెన్ను కూడా అంత నెమ్మదిగా పోవాలి. మీ అమ్మమ్మ, అదే మా చెల్లెలు, ఈ కథ ఎప్పుడూ తప్పే చెబుతుంది. ఊరంతా తప్పే చెబుతుంది. అలా చెప్పించింది నేనే అనుకో.

తొంభై అయిదో సంవత్సరం. ఆస్ట్రేలియా ఎడారి అంచున మా ఊరు వారెన్స్ వెల్‌లో అప్పుడు డ్రైవ్-ఇన్ సినిమా ఉండేది. ఎర్రమట్టి మైదానం, ఒక తెర, జనం కారుకో స్పీకరు తగిలించుకుని కార్లలోనే కూర్చుని చూసేవాళ్ళు. టిక్కెట్లు చింపేదీ నేనే, బంగాళాదుంప వేపుళ్ళు వేయించేదీ నేనే, రీలు తిప్పేదీ నేనే. చదువు మూడో క్లాసు. ఇప్పటికీ కూడబలుక్కుని చదువుతాను.

లిండ్సే మా ఊరి మెకానిక్, కార్ల క్లబ్బు కార్యదర్శి. ప్రతి శనివారం ప్రొజెక్టర్ బెల్టు చూస్తానని వచ్చి నన్ను తిట్టిపోసేవాడు.

"నెవ్వూ, ఇవి వేపుళ్ళా, తడిగుడ్డలా?"

"నచ్చకపోతే తినకు."

"తినకపోతే నువ్వు బాధపడతావని తింటున్నా."

"నా బాధ నీకెందుకు?"

దానికి మాత్రం చెవులు ఎర్రబడేవి, బెల్టు వైపు చూసేవాడు. ఆ బెల్టుకి ఏ రోగమూ లేదు తల్లీ. రెండేళ్ళుగా శుభ్రంగా తిరుగుతోంది.

అది తనకీ తెలుసు, నాకూ తెలుసు. కానీ మగాడు మగాణ్ణి ఇష్టపడ్డాడన్న మాట మా ఊళ్ళో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అనేవాళ్ళు. మేమిద్దరం ఆపాటి కూడా అనుకోలేదు.

ఒక శనివారం ఉన్నట్టుండి అన్నాడు, "వచ్చే ఆదివారం అడిలైడ్ వెళ్ళిపోతున్నా. అక్కడ గ్యారేజీలో పని."

"ఎన్నాళ్ళకి?"

"ఇక్కడ ఉండమనేవాళ్ళు ఎవరున్నారు గనక?"

ఆ వాయి వేపుళ్ళు బొగ్గులైపోయాయి.

ఆ వారమే సినిమా కంపెనీకి ఫోన్ చేసి ఒక బొమ్మ తెప్పించాను. గేటు దగ్గర పలక మీద 'శనివారం డ్రాగ్ సినిమా' అని రాసిపెట్టాను. ఇక చూడు సంబరం! కార్లు పక్కపక్కన పెట్టి తిన్నగా దూసుకుపోయే పందేన్ని డ్రాగ్ అంటారు కదా. మగాళ్ళు ఆడవేషం కట్టి ఆడి పాడటాన్నీ డ్రాగే అంటారు. మా వాళ్ళకి మొదటిదే తెలుసు. క్లబ్బు వాళ్ళు నలభై మూడు కార్లు తళతళా తుడుచుకుని దిగారు. లిండ్సేకి వీడ్కోలని ముందు వరసలో చోటిచ్చారు.

దీపాలు ఆర్పాను. రీలు తిరిగింది. పందెం కారు రాలేదు, లాంచీ వచ్చింది. దాని మీద ఆరున్నర అడుగుల మగాడు, పసుపు విగ్గు, ఒంటి నిండా ఈకలు. ముప్పైమంది జాలర్ల ముందు నడుం తిప్పుతున్నాడు.

సరిగ్గా అప్పుడే వాన. ఏడాదికి రెండుసార్లు మొహం చూపించే వాన, ఆ రోజు చుట్టపుచూపుగా వచ్చింది.

మా ఊళ్ళో సినిమా నచ్చితే హారన్లు కొడతారు, నచ్చకపోతే హెడ్‌లైట్లు వేస్తారు. నలభై మూడు కార్ల లైట్లు ఒక్కసారి పడి తెర తెల్లబోయింది. క్లబ్బు ప్రెసిడెంటు గోర్డన్ కారు దిగి జర్రున జారాడు.

"నెవ్! కార్లేవిరా?"

"లాంచీకీ ఇంజనుంది కదా గోర్డన్!"

వెళ్ళిపోదామని రివర్సు గేరేశారు. ఎర్రమట్టి బంకలా పట్టుకుంది. చక్రాలు తిరుగుతున్నాయి గానీ కార్లు కదల్లేదు. బ్యాటరీ పోతుందని ఒక్కొక్కరే లైట్లు ఆర్పుకున్నారు. ఇక చేసేదేముంది? చూశారు.

ముందు గోర్డన్ పెళ్ళాం మోరీన్ నవ్వింది. తర్వాత ఎవరిదో హారను. పాట వచ్చేసరికి నలభై మూడు కార్ల వైపర్లూ దరువుకే ఊగుతున్నాయి!

మోకాళ్ళ దాకా బురదతో లిండ్సే నా ప్రొజెక్టర్ గదిలోకి వచ్చాడు.

"బెల్టు చూద్దామని."

"బెల్టు బాగానే ఉంది."

"తెలుసు."

వాన చుక్కలు అతని కనురెప్పల మీద నుంచి జారుతున్నాయి. అతను నన్నే చూస్తున్నాడు. ఈసారి బెల్టు వైపు తిరగలేదు.

"రేపు ప్రయాణం కదా, నెవ్వూ. ఏమైనా చెబుతావా?"

నూనె చేతులు తుడుచుకున్నాను. ఎలాగో అన్నాను, "ఉండిపోరా లిండ్సే. నువ్వంటే నాకు ప్రాణం. నువ్వెళ్తే నా వేపుళ్ళని తిట్టేదెవరు?"

వేపుళ్ళు తయారని చెప్పే మైకు ఆపడం మర్చిపోయాను తల్లీ. నా మాట ప్రతి కారు స్పీకర్లోనూ మోగింది.

ఇప్పుడు లైట్లు పడతాయనుకున్నాను.

బయటి నుంచి గోర్డన్ గొంతు వినిపించింది. "ఉండిపోరా లిండ్సే! లేకపోతే ఈ బురదలోంచి నా కారు తీసేదెవడు?"

ఇక హారన్లు చూడు! లాంచీ పాట కూడా వినపడలేదు. ఆ గోలలో లిండ్సే ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. అందుకని దగ్గరికొచ్చి చెప్పాడు. ఏం చెప్పాడో రాయక్కర్లేదు.

ఆ ఏడు దేశమంతా ఆ సినిమా పాటలే. మహిళా సంఘం వాళ్ళు మళ్ళీ వెయ్యమని పట్టుబట్టారు. ఫుట్‌బాల్ జట్టు మొత్తం గౌన్లేసుకుని చందాలకి తిరిగింది. పోలీసు సార్జెంటు నన్ను పక్కకి పిలిచి, తన సైజు ఎత్తుమడమల చెప్పులు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు! బేకరీ డోరీన్ పదిమందిలో, "నెవ్, మీ ఆయనకీ ఒక మాంసం పై రొట్టె కట్టనా?" అంది. నోటికి చెయ్యి అడ్డం లేదు.

నెవ్ చదువురాక డ్రాగ్ అంటే కార్లనుకుని ఆ సినిమా తెప్పించాడని ముప్పై ఏళ్ళుగా ఊరంతా నవ్వుతోంది. లిండ్సే అందరికంటే ఎక్కువ. "ఒక్క మాట తప్పు చదివావు, నా అదృష్టం" అంటాడు.

ఇప్పుడు అసలు సంగతి రాసుకో. ఫోన్లో సినిమా కంపెనీ పిల్ల అడిగింది, "ఇది మగాళ్ళు గౌన్లేసుకునే సినిమా. మీది కార్ల ఊరు కదా, తెలిసే అడుగుతున్నారా?" అని.

"తెలుసమ్మా. అందుకే" అన్నాను.

లిండ్సేకి గురువారం అడిలైడ్ ఆసుపత్రిలో తుంటి ఆపరేషన్ కదా. భయపడుతున్నాడు గానీ ఒప్పుకోడు. నువ్వు రేపు వెళ్ళి, పక్కన కూర్చుని ఇది చదువు తల్లీ. వినపడనట్టు నటిస్తాడు, చివరి ముక్క రెండుసార్లు చదువు. అదృష్టం కాదురా, నోటితో అనలేక ఆ బొమ్మతో నేనే ఉండమని పిలిచాను అని.