రెండు మైకుల రికార్డరు

కెమెరా ముందు కూర్చున్న మనిషి ఒక పేరు చెప్పాడు. ఆ వెంటనే తూటా తగిలి చచ్చాడు. ఏ పేరు చెప్పాడో దేవుడికే ఎరుక.

చీఫ్ ఆ వీడియో మళ్ళీ వేశాడు. బొమ్మ అద్దంలా ఉంది. శబ్దం మాత్రం ఒట్టి ఏసీ హోరు. కెమెరాతో పాటే పుట్టిన మైకు అంతే. పక్కనున్న ఏసీని వింటుంది, ఎదురుగా ఉన్న మనిషిని వదిలేస్తుంది.

"మన డిపార్ట్‌మెంట్‌లోనే ఒక పెద్ద తలకాయ విదేశీ ముఠాకి మనల్ని అమ్ముతున్నాడు. వాడి పేరు వీడి పెళ్ళానికీ తెలుసు. రేపు చెప్తుంది."

"చెవిలో చెప్పొచ్చుగా సార్?" అన్నాడు చెవులపిల్లి. చీమ తుమ్మినా వింటాడని ఆ ఏజెంటుకి అందరూ పెట్టిన పేరది.

"చెవిలో చెప్తే తనని వాళ్ళు చంపేస్తారట, మనమూ మర్చిపోతామట. మొహం, గొంతు కలిసి రికార్డయితేనే చెప్తానంది. మంచి రికార్డరు కొను. చిలకని తీసుకెళ్ళు."

చిలక కెమెరా ఏజెంటు. చూస్తే చూపు తిప్పుకోలేని మనిషి. చచ్చినవాడి వీడియో తీసింది తనే. ఏసీ హోరులో పేరు తనకీ వినపడలేదంది.

షాపులో చిలక బుల్లి రికార్డరొకటి అందుకుంది. "ఇది తీసుకో గురూ. ఆటో లెవెల్. నువ్వు నిద్రపోయినా అదే చూసుకుంటుంది."

"మనిషి ఊపిరి కోసం ఆగితే, అది ఫ్యాను చప్పుడు పెంచి కూర్చుంటుంది. వద్దు."

రెండోదానికి హెడ్‌ఫోన్ తగిలించి శబ్దం పట్టే గెయిన్ పెంచాడు. నూనెలో ఏదో వేగుతున్నట్టు ఒకటే రొద. దాన్నీ పక్కన పెట్టాడు.

మూడోది బరువుగా ఉంది. మైకులకి రెండు కన్నాలు, దేని లెవెల్ దానికే.

"రికార్డరా, ఇటుకా?" అంది చిలక. "మాట్లాడేది ఒక్క మనిషి. రెండు మైకులెందుకు?"

"మొన్న ఒక్కటే నమ్ముకుని మనిషి చెప్పిన పేరు పోగొట్టుకున్నాం."

చిలక నవ్వింది. పాపం, బాధ దాచుకుంటోందనుకున్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. ఒక అద్దె ఫ్లాటు. పరుపుల ప్రకటన తీస్తున్నామని వాచ్‌మన్‌కి చెప్పారు. ఏసీ మెకానిక్ పక్కగదిలో పనిలో ఉన్నాడు. మధ్యలో పల్చటి చెక్క గోడ. చిలక నేలమీద టేపు అంటించి, ఆ గుర్తు మీద, గోడకి వీపు పెట్టి కుర్చీ వేసింది.

చెవులపిల్లి ఒక మైకు కుర్చీ పైన వేలాడదీశాడు. వైరు లేని రెండోదాన్ని టెస్టు కోసం చిలక కాలరుకి తగిలించాడు.

"ఏదైనా మాట్లాడు."

"మా గురువుకి ఈ జన్మలో పెళ్ళి కాదు. వినపడిందా?"

"మా అమ్మ కూడా అదే అంటుంది."

చిలక కెమెరా ఆపింది. ఎర్రదీపం ఆరింది. "ఏసీ ఆపమని చెప్పొస్తా" అంటూ పక్కగదిలోకి వెళ్ళింది.

రికార్డరు ఆగలేదు. దానికీ కెమెరాకీ పొత్తు లేదు. అందుకే షాటు మొదట్లో చేతులతో ఒక క్లాప్ కొడతారు. తర్వాత ఆ దెబ్బ దగ్గర బొమ్మనీ శబ్దాన్నీ అతికిస్తారు. కెమెరా పట్టేవాళ్ళకి మాత్రం ఎర్రదీపం ఆరితే లోకమంతా ఆరినట్టే.

హెడ్‌ఫోన్‌లో చిలక గుసగుస వినపడింది. "క్లాప్ వినపడగానే కాల్చెయ్. కుర్చీ గుర్తు మీదే ఉంది. మొన్న మొగుడు, ఇవాళ పెళ్ళాం."

చెవులపిల్లి హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకున్నాడు.

చిలక వచ్చింది. "ఇక వంటింట్లోంచి ఆవిడని పిలుద్దామా?"

"ఆ మైకు తియ్యాలి. నీ జుట్టులో చిక్కుకుంది. కూర్చో."

క్లాప్ అతని చేతిలోనే ఉందన్న సంగతి మరిచి చిలక ఆ కుర్చీలోనే కూర్చుంది. చెయ్యి కాలరు మీదకి వెళ్ళింది. మైకు తగిలింది.

"గురూ... ఇది ఆన్‌లోనే ఉందా?"

"ఆపితే కెమెరా ఆగుతుంది చిలకా. ఇటుక ఆగదు."

"వద్దు గురూ, నీ కాళ్ళు..."

చెవులపిల్లి క్లాప్ కొట్టాడు.

చెక్క గోడకి కన్నం పడింది. చిలక తల వాల్చేసింది. అతను తన తుపాకి తీసి ఆ కన్నం గుండానే రెండుసార్లు కాల్చాడు. అవతల ముందు తుపాకి పడింది, తర్వాత మెకానిక్ పడ్డాడు.

వంటింట్లో దాచిన ఆవిడ గుమ్మం దాకా వచ్చి నెత్తురు చూసింది. కేక పెట్టలేదు. "నేను ఈ కుర్చీలోనే కూర్చోవాలా?"

"తుడిచిస్తానక్కా. మారిస్తే లెవెల్ మారిపోతుంది."

ఆవిడ తడి కుర్చీలో కూర్చుంది. మొగుడు చెప్పినా వినపడని ఆ పేరు చెప్పింది. ప్రతి అక్షరం గంట కొట్టినట్టు వినపడింది. సాయంత్రానికి పెద్ద తలకాయ చేతులకి సంకెళ్ళు పడ్డాయి.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! మరి చిలకేది?"

"సౌండ్ టెస్టులో పోయింది సార్. టెస్టు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది."