దీపాలన్నీ ఆర్పిన పట్నం

పిల్లలూ, కంప్యూటర్‌ను మీరందరూ చూసే ఉంటారు. బయటినుంచి చూస్తే ఒక తెర, కొన్ని మీటలు, అంతే. లోపలికి వెళ్లగలిగితే మాత్రం ముందుగా ఒక మహాదుర్గం కనిపిస్తుంది. ఆ దుర్గానికి గోడలకన్నా కిటికీలే ఎక్కువ. ఒక్కో కిటికీలో ఒక్కో బొమ్మ ఉంటుంది. దుర్గవాసులు కావలసిన బొమ్మను వేలితో తాకితే చాలు, పని జరిగిపోతుంది.

ఆ దుర్గం లోపల, తూర్పు ప్రాకారాన్ని ఆనుకుని, హంసావతి అనే చిన్న పట్నం ఉండేది. అది లినక్స్ అనే మరో వంశంవారు కట్టుకున్న పట్నం. నేల దుర్గానిది, నీరూ వెలుతురూ దుర్గం ఇచ్చినవే. కట్టుబాట్లు మాత్రం హంసావతి సొంతం. అక్కడ బొమ్మలను తాకితే ఏమీ జరగదు. ప్రతి పనికీ ఒక మాట ఉంటుంది. ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా పలికితేనే తలుపు తెరుచుకుంటుంది, తిరగలి తిరుగుతుంది, చేద బావిలోకి దిగుతుంది. ఇంత తేడా ఉన్నా దుర్గానికీ పట్నానికీ ఎన్నడూ గొడవ రాలేదు.

హంసావతికి రోజూ తెల్లవారుజామున దూరాన ఊటలున్న మూలవనం అనే అడవి నుంచి ఒక కాలువలో మరమ్మతు జలం వచ్చేది. ఆ నీరు తగిలితే గోడల బీటలు పూడుకునేవి, తాళాల తుప్పు రాలిపోయేది, దొంగలు దూరే సందులు మూసుకుపోయేవి. అయితే ఆ జలం ఎల్లకాలం ఒకే కాలువలో పారదు. ఒక్కో తరానికి ఒక్కో కాలువ. గడువు తీరగానే పాత కాలువ ఎండిపోతుంది, పట్నం కొత్త తరానికి మారాలి. ఆ పట్నాల్లో తరాలను రెండేసి అంకెల చొప్పున లెక్కిస్తారు: ఇరవై తరువాత ఇరవై రెండు, ఆపైన ఇరవై నాలుగు. హంసావతిది ఇరవయ్యో తరం. దాని గడువు దగ్గరపడుతోందని అందరికీ తెలుసు. కానీ పనులన్నీ బాగానే జరుగుతున్నాయి కదా, ఇప్పుడెందుకులే అని ఏటికేడు వాయిదా వేశారు.

ఒకనాటి ఉదయం కాలువలో చుక్క నీరు లేదు.

మరమ్మతు జలం అందని పట్నాన్ని శిలాశాపం పట్టుకుంటుంది. మొదట గంటస్తంభం మీది గంట రాయయింది. ఆ తరువాత తిరగళ్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. మూడోనాడు ద్వారపాలకుడు మార్తాండుడు కాపలాకు నిలబడ్డవాడు నిలబడ్డట్టే మోకాళ్ల దాకా రాయైపోయాడు.

అతనికి ఉన్నదల్లా ఒక్క చెల్లెలు, పేరు కువలయ. ఆమె పరుగున వచ్చి అన్న పాదాలు పట్టుకుని చూసింది. చల్లటి నల్లరాయి.

"ఏడవకే! కదలకుండా నిలబడటమే కదా నా ఉద్యోగం. దుర్గాధిపతిగారు చూస్తే జీతం పెంచుతారు" అన్నాడు మార్తాండుడు.

"నీ హాస్యం తగలెయ్య! నొప్పిగా ఉందా అన్నయ్యా?"

"నొప్పి లేదు. అదే కాస్త భయంగా ఉంది."

పట్నపు గ్రంథాలు కాపాడే ముసలామె శేషమాంబ కర్ర ఊతంతో వచ్చి రాయిని వేలితో కొలిచింది. "రోజుకు నాలుగు వేళ్లు పైకి పాకుతుంది. మెడ దాటిందా, ఇక ఏ మందూ పనిచేయదు. ఈలోగా ఎవరైనా మూలవనానికి వెళ్లి ఇరవై నాలుగో తరం శాసనం తెచ్చి పట్నానికి వినిపించాలి" అంది.

"నేను వెళ్తాను, ఇప్పుడే" అంది కువలయ.

"ఇప్పుడే కాదు, రేపు. ఇవాళ పట్నం మొత్తానికీ ప్రతి తీయాలి."

"అవ్వా! ఒక రోజంటే నాలుగు వేళ్లు!"

"తెలుసు తల్లీ. శాసనం చదివేటప్పుడు మధ్యలో ఏదైనా తప్పితే పట్నమంతా కూలిపోవచ్చు. ప్రతి ఉంటే ఇవాళ ఉన్నది ఉన్నట్టు మళ్లీ నిలబెట్టుకోవచ్చు. మీ అన్న కాళ్ల రాయితో సహా వస్తుంది, అది వేరే సంగతి. కానీ మీ అన్న ఉంటాడు."

కువలయ ఆ రోజంతా ఇంటింటికీ తిరిగి, గోడలనూ బావులనూ మనుషులనూ శేషమాంబ చెప్పిన మాటలతో ఒక శంఖంలోకి ప్రతి తీసింది. ఆ శంఖాన్ని దుర్గపు ఖజానాలో భద్రపరిచి, మరునాడు పొద్దున్నే బయలుదేరింది. దారిలో తినమని పొరుగింటామె అటుకుల మూట ఇచ్చింది. మూట విప్పి చూస్తే అడుగున బెల్లం ముక్క కూడా ఉంది.

రెండు రోజులు నడిచాక అడవి మొదలైంది. అక్కడ ఒక పెద్ద అగాధం అడ్డొచ్చింది. దాని అంచున, పొడుగాటి కాళ్లు ముడుచుకుని, లంఘకుడనే రాక్షసుడు కూర్చుని ఉన్నాడు.

"ఏ తరం పిల్లవి?" అని అడిగాడు.

"ఇరవయ్యో తరం. ఇరవై నాలుగుకు వెళ్లాలి."

"అయితే మధ్యలో ఇరవై రెండు ఎందుకు, దండగ! నా భుజమెక్కు. నిన్నూ మీ పట్నాన్నీ ఒక్క దూకులో ఇరవై నాలుగులో దింపుతాను. రెండు రోజులు కలిసొస్తాయి."

రెండు రోజులంటే ఎనిమిది వేళ్లు. ఎక్కడానికి కువలయ ఒక అడుగు వేసింది. అయినా కాస్త ఆగి, "మామా, నువ్విలా దాటించినవాళ్లలో ఒక్కరి పేరు చెప్పు. వెళ్లి అడిగి వస్తాను" అంది.

లంఘకుడు తల గోక్కున్నాడు. "పేర్లా... పేర్లు నాకు గుర్తుండవు."

"పోనీ ఊరి పేరు?"

"ఎందుకే ఇన్ని ప్రశ్నలు! ఎక్కితే ఎక్కు, లేకపోతే లేదు."

కువలయ అగాధంలోకి తొంగి చూసింది. అడుగున ఒక పట్నం పడి ఉంది. సగం గోడలు పాతవి, సగం కొత్తవి. పాత మెట్లు కొత్త తలుపుల దాకా అందకుండా గాలిలోనే ఆగిపోయి ఉన్నాయి.

"నేను చుట్టూ తిరిగే వెళ్తాను మామా" అంది.

"పో పో, కాళ్లు అరిగేలా నడు!" అని రాక్షసుడు వెనక నుంచి అరిచాడు. అరిచాడే కానీ వెంటపడలేదు. చుట్టుదారిలో ముళ్లున్నా, మధ్యలో ఎవరో బాటసారులకని ఒక బండ కింద కడవలో నీళ్లు పెట్టి వెళ్లారు. అవి తాగి ఆమె మళ్లీ నడిచింది.

నాలుగో రోజుకు మూలవనం చేరింది. అక్కడ ఎన్నో ఊటలు. వాటి నడుమ ఒక మంచుబండ మీద, నల్లటి వీపు, తెల్లటి పొట్ట ఉన్న పక్షి ఒకటి నిటారుగా నిలబడి ఉంది.

"నువ్వేనా ఊటల కావలి? ఇంత చిన్న రెక్కలతో ఎలా ఎగురుతావు?" అంది కువలయ.

"ఎగరను, ఈదుతాను. పెద్దవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనా?" అంది పక్షి.

కువలయ సిగ్గుపడి నమస్కరించింది. పక్షి మెత్తబడి, "మీ పట్నంలో వేరే ఊటల నీళ్లతో నడిచే దుకాణాలు ఉన్నాయా?" అని అడిగింది.

"ఒకటుంది. దూరదేశం నుంచి వచ్చిన రంగుల అంగడి."

"శాసనం చదివినంతసేపూ దాన్ని మూయించు. రెండు ఊటల నీళ్లు కలిస్తే శాసనం తడబడుతుంది. పని అయ్యాక మళ్లీ తెరుచుకోవచ్చు." ఇలా చెప్పి పక్షి రెండు శాసనాల చుట్టలు ఇచ్చింది. "ముందు ఇరవై రెండు, తరువాత ఇరవై నాలుగు. శాసనం ఇంటింటికీ వెళ్తుంది. ఎవరైనా తమ ఇంటి నియమాల తాళపత్రంలో సొంతంగా ఏదైనా రాసుకుని ఉంటే, అక్కడ ఆగి, పాతది ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అడుగుతుంది. తొందరపడి జవాబు చెప్పకు. చివరగా పట్నం పూర్తిగా నిద్రపోయి లేవాలి. నిద్రలో ఉన్న పట్నం తనను తాను లేపుకోలేదు. బయటివాళ్లే లేపాలి."

తిరుగు ప్రయాణం నాలుగు రోజులు. కువలయ పట్నం చేరేసరికి మార్తాండుడు చంకల దాకా రాయై ఉన్నాడు. ద్వారం దగ్గరే నిలబడి మొదటి చుట్ట విప్పింది. అంతకుముందే రంగుల అంగడివాడిని బతిమాలింది. అతను గొణిగాడు గానీ, మార్తాండుడి వైపు ఒకసారి చూసి, తలుపులు తనే మూసుకున్నాడు.

అక్షరాలు చీమల బారులా చుట్ట దిగి వీధుల్లోకి నడిచాయి. ఆగిన తిరగళ్లు ఒక్కొక్కటిగా మూలిగాయి. మొదటి చుట్ట అయ్యేసరికి ఒక రోజు గడిచింది. రెండో చుట్ట ద్వారగృహం దగ్గర ఆగి, సన్నటి గొంతుతో, "ఇక్కడి తాళపత్రంలో ఎవరో రాశారు. పాతది ఉంచాలా? కొత్తది పెట్టాలా?" అని అడిగింది.

"పాతదే! పదేళ్లు కష్టపడి రాసుకున్నాను" అన్నాడు మార్తాండుడు.

"కొత్తదే పెట్టెయ్ తల్లీ, త్వరగా అవుతుంది" అన్నారు చుట్టూ చేరిన జనం.

"రెండూ చూపించు" అంది కువలయ.

రెండు పత్రాలూ పక్కపక్కన పరుచుకున్నాయి. పాతదాని నిండా అరిగిపోయిన తలుపు గడియల లెక్కలు ఉన్నాయి. వాటితో ఇక పనిలేదు. అయితే అడుగున ఒక పంక్తి ఉంది: దుర్గపు పెద్ద బావికి దారి ఏ మలుపులో తిరగాలో. కొత్తదానిలో అది లేదు. అది లేకపోతే పట్నంలోకి తాగే నీరు చుక్క కూడా రాదు.

"కొత్తది పెట్టు. ఈ ఒక్క పంక్తి అందులో రాస్తాను" అంది.

"నా దస్తూరి ఒక్క పంక్తే మిగిల్చావన్నమాట" అన్నాడు అన్న.

"ఉన్నదాంట్లో చదవడానికి వీలైంది అదొక్కటే!"

మార్తాండుడు నవ్వబోయాడు. రాయి భుజాల దాకా వచ్చి ఉండటంతో నవ్వు బయటికి రాలేదు.

రెండో చుట్ట పూర్తయింది. పట్నమంతా కువలయ చెప్పినట్టు దీపాలు ఆర్పి పడుకుంది. కువలయ బయటికి వచ్చి పట్నం తలుపు మూసి, దుర్గాధిపతి విజయకేతుడి ఎదుట నిలబడి, పట్నాన్ని లేపమని వేడుకుంది. ఆయన వచ్చి తలుపు తెరిచాడు. లోపల ఏమీ మారలేదు. పట్నం పేరు పలక మీద ఇంకా ఇరవై అనే ఉంది. అన్న గొంతు కింద రాయి వేలెడు దూరంలో ఉంది.

"పట్నం నిద్రపోలేదమ్మా. తలుపు మూస్తే నిద్రపోయినట్టు కాదు. లోపల ఒక్క దీపం వెలుగుతున్నా పాత తరమే మేలుకుని ఉంటుంది" అన్నాడు విజయకేతుడు.

"అందరూ ఆర్పారు ప్రభూ."

ఆయన తెరిచిన తలుపులోంచి వేలు చూపించాడు. ద్వారగృహంలో, మార్తాండుడి పక్క గూటిలో, ఒక ప్రమిద వెలుగుతోంది.

కువలయ తల దించుకుంది. "అది నేను పెట్టిందే. మా అన్నకు చిన్నప్పటినుంచీ చీకటంటే భయం. కాపలావాడికి చీకటంటే భయమేమిటని నవ్వుతారని ఎవరికీ చెప్పడు. ఈ ఒక్కటి ఉంటే ఏమవుతుందిలే అనుకున్నాను. మీరే ఆర్పకూడదా ప్రభూ?"

"ఊదితే ఆరిపోతుంది. కానీ బయటి నుంచి హఠాత్తుగా ఆర్పితే, ఆ వెలుగులో జరుగుతున్న పని సగంలో తెగిపోతుంది. వెలిగించినవారే ఆర్పడం మంచిది."

కువలయ లోపలికి వెళ్లింది. అన్న పెదవులు మాత్రమే కదులుతున్నాయి.

"ఆర్పేస్తున్నాను అన్నయ్యా."

"నువ్విక్కడే ఉంటావా?"

"ఉండటానికి లేదు. ఎవరైనా బయట ఉండి లేపాలట. తలుపు అవతలే ఉంటాను."

మార్తాండుడు ప్రమిద వైపు చూశాడు. "సరే. చప్పున వెళ్లు, నా కళ్ల ముందు ఎక్కువసేపు నిలబడితే వద్దంటాను" అన్నాడు.

ఆమె దీపాన్ని నోటితో ఊదలేదు. వత్తిని నూనెలోకి మెల్లగా జార్చింది. బయటికి వచ్చి తలుపు మూసింది. విజయకేతుడు చేయెత్తి, పట్నాన్ని ఆపే మాట పలికాడు. గాలి కూడా ఆగిపోయినంత నిశ్శబ్దం కమ్ముకుంది.

"ఇప్పుడు ఎనిమిది దాకా లెక్కపెట్టు. అంతకుముందు పట్నం పూర్తిగా నిద్రపోదు, తెరిస్తే వృథా" అన్నాడాయన.

"ఒకటి... రెండు... మూడు..." ఆరు దాకా వచ్చేసరికి కువలయ లెక్క ఆగిపోయింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

"ఏడు" అన్నాడు పక్కన నిలబడ్డ విజయకేతుడు, మెల్లగా.

"ఎనిమిది" అంది కువలయ.

తలుపు తెరుచుకుంది. ముందు గంటస్తంభం మీది గంట మోగింది. తరువాత ఇంటి వెనక ఇల్లు, వీధి వెనక వీధి దీపాలు వెలిగాయి. కొత్త కాలువలో నీళ్లు గలగలమంటూ వచ్చాయి. పేరు పలక మీద ఇరవై నాలుగు అనే అంకె మెరిసింది. ద్వారం దగ్గర ఒక మనిషి అప్పుడే నడక నేర్చుకుంటున్నవాడిలా గోడ పట్టుకుని అడుగులు వేస్తున్నాడు. కువలయ పరుగెత్తి అతని చేయి పట్టుకుంది. చేయి వెచ్చగా ఉంది.

"చీకట్లో భయపడ్డావా అన్నయ్యా?"

"చీకటెక్కడ? కన్ను మూసి తెరిచినట్టే ఉంది నాకు." అతను చెల్లెలి ముఖంలోకి చూశాడు. "నీకే చాలాసేపు అయినట్టుంది."

రంగుల అంగడివాడు కొత్త కాలువకు సరిపడే రంగులు తెప్పించుకుని వారం తిరక్కుండా అంగడి తెరిచాడు. ఆ ఏడాదే శేషమాంబ తన తాళంచెవుల గుత్తిని కువలయ చేతిలో పెట్టింది. హంసావతివారు ఆమెను తమ పాలకురాలిగా ఎన్నుకున్నారు. తరం గడువు తీరకముందే మారాలని, మారేముందు ప్రతి తీయాలని ఆమె శాసనాలు రాయించింది. వాటన్నిటికన్నా పైన, తన చేత్తో స్వయంగా రాసిన మొదటి పంక్తి ఇది: పట్నం నిద్రపోయేటప్పుడు, తలుపు బయట నిలబడి లెక్కపెట్టేవారికి తోడుగా తప్పకుండా ఇంకొకరు ఉండాలి.