పది లక్షల ఒకటి

"మేడం, పది లక్షల ఒకటి ప్రైమ్ నంబర్ కాదు."

స్టాఫ్‌రూమ్‌లో ఆదర్శ్ ఆ మాట అనగానే సౌజన్య పెన్ను ఆగింది. చంద్రపూర్‌లోని ఆ కోచింగ్ సెంటర్‌లో ఆమె మూడేళ్లుగా లెక్కలు చెబుతోంది. అతను ఫిజిక్స్ చెప్పడానికి వచ్చి వారమే అయింది.

"వందలోపు ప్రైములు ఇరవై అయిదుంటయి సార్. అన్నిటితోని భాగించి చూసిన. ఒక్కదానితోని గూడ పోలే."

"నూటొకటితోని చూసిండ్రా?"

"మీకు వేరే పని లేదా?" అంటూనే ఆమె కాగితం మీద భాగించింది. తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి వచ్చింది. శేషం సున్న. ప్రశ్న తయారుచేసేటప్పుడు, వెయ్యి దాకా చూడాలని తెలిసీ, బద్ధకించి వంద దగ్గరే ఆగిపోయింది.

ఆదర్శ్ ఒక జవాబు పత్రం ఆమె ముందు పెట్టాడు. మొన్నటి టెస్టుది, చంద్రకళ అనే పిల్ల రాసింది. పది లక్షలంటే వంద ఘనమే కదా అని, ఎ క్యూబ్ ప్లస్ వన్ సూత్రం వేసి ఆ పిల్ల సంఖ్యను రెండుగా విడగొట్టి చూపించింది. ఆ సూత్రం నేర్పింది సౌజన్యే. దిద్దేటప్పుడు చివర 'ప్రైమ్ కాదు' అన్న మాట మాత్రమే చూసి ఎర్రపెన్నుతో కొట్టేసింది. రెండు మార్కులు పోయాయి. ఒక్క మార్కు తేడాతో చంద్రకళకు స్పెషల్ బ్యాచ్‌లో సీటు తప్పింది.

సౌజన్య వెళ్లి చెబితే, సెంటర్ నడిపే అనంతరావు తేలిగ్గా తీసుకున్నాడు. "లిస్టు పెట్టేసినం. జాఊ ద్యా మేడం, పోనియ్యిరి. ఎవలకు తెలుస్తది?"

"నాకు తెలుసు గద సార్."

బయట వాన దంచుతోంది. ఆమె నేరుగా క్లాసుకెళ్లి తొంభై మంది ముందు నిలబడింది. "చంద్రకళ లెక్క కరెక్టు. తప్పు నాది." వెనక బెంచీలో చంద్రకళ తలవంచుకుని ఏడ్చింది.

ఆ పిల్లకు సీటు వచ్చింది. స్పెషల్ బ్యాచ్ నుంచి సౌజన్యను మాత్రం అనంతరావు తప్పించాడు.

సాయంత్రం బస్టాండులో ఆమె రాజురా బస్సు కోసం నిలబడితే, తడిసి ముద్దయి ఆదర్శ్ వచ్చాడు.

"నా వల్లనే గిట్లయింది. మాఫ్ చేయుండ్రి."

"మీరు చెప్పకుంటే పిల్లకు అన్యాయమైతుండె. అయినా, ఆ పేపరు మీకెట్ల దొరికింది?"

అతను తడబడ్డాడు. "మీ చేతిరాత చూద్దామని కట్ట ఇప్పిన. వచ్చిన కాన్నుంచి రోజూ గిదే పని."

ఆమె నవ్వలేదు. కోప్పడనూ లేదు. బస్సెక్కి, కిటికీలోంచి ఒక్కసారి చూసింది.

నాలుగు నెలలు ఇద్దరూ కలిసి ఆ బస్టాండుకు నడిచారు. ఒక ఆదివారం ఆమె అతన్ని రాజురా దగ్గర సాస్తిలోని తన ఇంటికి తీసుకెళ్లింది. బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన తండ్రి కనకరాజు అతన్ని ఎగాదిగా చూశాడు.

"నా బిడ్డ తప్పు పట్టినోనివి నువ్వేనా?"

"అవును కాకా."

"రేపు గూడ తప్పు పడ్తవా?"

"పడ్త. నా తప్పులు ఆమె పట్టాలె. మీరు ఒప్పుకుంటే."

కనకరాజు గుమ్మంలో ఉన్న సౌజన్య వైపు తిరిగాడు.

"నిలబెట్టినవేంది బిడ్డా? అల్లునికి కుర్సీ ఎయ్యి."