ఒక్కరోజు సెలవు, ముప్పై ఎనిమిది కాల్స్

మా గోడౌన్ మేనేజరుకి మేం పెట్టుకున్న పేరు తాళాలరావు. ఇరవై రెండేళ్ళు నా బుర్ర వాడుకుని పేరంతా తాను కొట్టేసిన మనిషి. నీళ్ళ పంపుల స్పేర్లు పదకొండు వేల రకాలు. ఏది ఏ అరలో ఉందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఓనర్ల దగ్గర మాత్రం అది ఆయన తెలివి. నేనేమో ఎనిమిదిలో బడి మానేసినవాణ్ణి.

అలాంటి చోటికి కంప్యూటర్ కంపెనీ నుంచి ఒకావిడ ల్యాప్‌టాప్ సంచీ గుండెకి హత్తుకుని, వానలో తడిసి వచ్చింది. సరుకంతా కంప్యూటర్లోకి ఎక్కించే కొత్త సిస్టమ్‌కి ముగ్గురు ఓనర్లనీ ఒప్పించాలట. నలభై దాటింది, నాలాగే ఒంటరి.

మొదటిరోజే గొడవ. నా పొట్ట కొట్టడానికొచ్చారా మేడం అన్నాను.

"మీ పొట్టకేం ఢోకా లేదు. కాస్త తగ్గినా మంచిదే," అంది.

మూడు వారాలు అరల వెంట తిరిగాం. నేను చెప్పడం, ఆవిడ రాసుకోవడం. జారిపోయే కళ్ళజోడు వేలితో పైకి తోసుకున్నప్పుడల్లా నేను సైజులు తప్పు చెప్పేవాణ్ణి. ఇంట్లో అక్కకి చెబితే, అడగరా మొద్దూ అంది. ఏ మొహం పెట్టుకుని అడగను?

గురువారం మీటింగు. తానుండగా సిస్టమ్ దండగని తాళాలరావు అప్పటికే ఓనర్ల చెవిలో ఊదేశాడు. బుధవారం సెలవు పెట్టి, ఫోన్ తనకిచ్చి వెళ్ళమంది ఆవిడ. నాకు గుబులు. నేను లేకుండా గోడౌన్ నడిచిపోతే ఆవిడ మాటా చెల్లదు, నా బతుక్కీ విలువుండదు. అయినా ఇచ్చేశాను.

మీటింగులో ఆవిడ స్క్రీను వెయ్యలేదు, బొమ్మలు చూపించలేదు. ముందురోజు పైగదిలో కూర్చుని, నా ఫోన్‌కొచ్చిన ప్రతి కాలూ ఎత్తి, ఆయన సెలవండీ అని చెప్పి, కింద ఏం జరిగిందో రాసుకుందట. ఆ కాయితం చదివింది. తొమ్మిదీ పదికి, సీలు రింగులెక్కడ? లారీ గంటన్నర ఆగింది. పదీ ఐదుకి, వాల్వులెక్కడ? కస్టమర్ వెళ్ళిపోయాడు. అలా ముప్పై ఏడు. ఆ ఒక్కరోజు నష్టం సిస్టమ్ ఖరీదులో మూడోవంతు.

ఈ కాల్సన్నీ ఎవరు చేశారని పెద్దోనరు అడిగాడు.

"ముప్పై ఒకటి మేనేజరుగారివే."

తాళాలరావు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకున్నాడు. ముగ్గురి సంతకాలూ అక్కడే పడ్డాయి. కొత్త సిస్టమ్‌కి ఇంచార్జి నేనని కూడా ఆవిడే రాయించింది. బయట మావాళ్ళు నన్ను భుజాలమీదికి ఎత్తబోయి, బరువు చూసి మానేశారు.

మెట్లదగ్గర ఫోన్ తిరిగిస్తూ ఆగింది.

"ముప్పై ఎనిమిదోది చదవలేదు. మీ అక్కయ్యగారిది. నేను హలో అనేలోపే, ఆ కంప్యూటరావిణ్ణి అడిగావా లేదా అన్నారు."

మీరేమన్నారు అన్నాను.

"ఇంకా లేదండీ, నేనూ అందుకే చూస్తున్నానని."

అడిగేశాను. ఊఁ అంది. అక్కకి ఫోన్ చేస్తే, వీణ్ణి భరించగలవా తల్లీ అని ఆవిణ్ణే అడిగింది, నన్ను ఒక్క మాటా అడక్కుండా.

ఇంత గెలిచినా తాళాలరావు గోకకుండా వదల్లేదు. లీవ్ లెటర్ ఇవ్వలేదని ఒకరోజు సెలవుకి రెండురోజుల జీతం కోశాడు. పోయింది పన్నెండు వందల ఎనభై.