పిక్క దాచలేని నిజం

"జేబులో ఇంకేమైనా ఉందా?" కండరాల పరిశోధనకి వాలంటీరుగా వెళ్లిన నన్ను మూడోసారి అడిగింది అక్కడి పరిశోధకురాలు.

"లేదండీ."

నా చొక్కా జేబు మూలలోంచి ఆవగింజంత స్క్రూ తీసి కళ్లముందు పెట్టింది. "మరిదేంటి? లోపలున్నది మామూలు స్కానింగ్ కంటే నాలుగైదు రెట్లు బలమైన అయస్కాంతం. ఇది ఎగిరి మీ కంట్లో పడితే?"

"వాచీలు బాగుచేస్తానండీ. స్క్రూలు నా బట్టల్లోనే కాపురముంటాయి."

నవ్వింది. నేనక్కడితో ఆగితే బాగుండేది.

"వ్యాయామం చేస్తారా?" ఫారం నింపుతూ అడిగింది.

"రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెడతానండీ."

పొద్దున్నే దేవుడి స్తోత్రం చదివిన నోటితోనే అన్నాను.

పిక్కకి కాయిల్ అనే తీగచుట్టల పట్టీ కట్టి, గొట్టంలో పడుకోబెట్టి, పెడల్ తొక్కమంది. కష్టపడ్డ కండరంలో శక్తి నిల్వ తగ్గుతుందట. ఆగాక అది ఎన్ని సెకన్లలో మళ్లీ నిండుతుందో, కోయకుండా గుచ్చకుండా ఆ యంత్రం గీత గీసి చూపిస్తుందట.

మూడు రోజులకి ఫోన్ చేసింది. "ఇంకొక్కసారి రాగలరా? పొరపాటు నాదే."

ఇస్త్రీ చొక్కా వేసుకుని, హుషారుగా వెళ్లాను. కాయిల్ విప్పి బల్లమీద పరిచి ఉంది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"పరిగెత్తేవాళ్లకి కండరం మళ్లీ నిండటానికి ముప్ఫై సెకన్లు పట్టింది. రోజూ పరిగెత్తే మీకేమో అరవై. కాయిల్ నేనే పాడుచేశానంటున్నారు మా సార్. ఎప్పట్నుంచి పాడైందో తెలీదు కాబట్టి, పన్నెండు మంది కొలతలూ పారేయమన్నారు. ఎనిమిది నెలల పనండీ!"

నా ఇస్త్రీ చొక్కా నాకే ఎబ్బెట్టుగా అనిపించింది.

"కాయిల్ మంచిదేనండీ," అన్నాను. "నేను పరిగెత్తను. బస్సు కదిలిపోతున్నా పరిగెత్తను. పొద్దస్తమానం స్టూలు దిగను."

"మరి ఫారంలో అలా ఎందుకు చెప్పారు?"

"మీరు పెన్ను పట్టుకుని నా వైపు చూశారు. అంతే."

ఆమె పెన్ను బల్లమీద పడేసింది. "మూడు రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను, తెలుసా?"

నన్ను తిట్టినా బాగుండేది. పిక్క కూడా నిజం దాచలేనప్పుడు, నోటికి మాత్రం అంత చొరవ ఎందుకిచ్చాడో దేవుడు!

"మీ సార్‌కి నేనే చెప్తాను."

ఆమె పక్కనుండగానే ఆయన ముందు నిలబడి, "అబద్ధమాడానండీ," అన్నాను. చెవులు కాలిపోయాయి. ఆయన కళ్లజోడు తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "అయితే యంత్రం మంచిదే, అమ్మాయ్. మనిషే..." అని, మిగతాది మింగేసి వెళ్లిపోయారు.

నేనూ గుమ్మం దాటబోయాను.

"ఆగండి." ఫారంలో నా ఐదు కిలోమీటర్లూ కొట్టేసింది. "రేపు పొద్దున ఆరింటికి పార్కు గేటు దగ్గరుండండి. రోజూ పరిగెత్తేది నేను."

మర్నాడు రెండొందల గజాలకే చతికిలబడ్డాను. నా ఒగర్పు తగ్గేదాకా ఆమె వాచీ చూస్తూ నిలబడింది. నేను తలెత్తలేకపోయాను.

"నన్ను క్షమించినట్టేనా అండీ?"

"మీ పిక్క ముప్ఫై సెకన్లకి రానివ్వండి, చెప్తాను," అంది, నవ్వు దాచుకుంటూ. "అందాకా రోజూ ఇక్కడికి రావాల్సిందే."